ఒక్క మార్కులో పోయిన సీటు

మా ఆయనకి నేను పెట్టిన పేరు ఒక్క మార్కు. పెళ్ళయిన మొదటి వారంలోనే పెట్టాను. పెద్ద కాలేజీలో సీటు ఒక్క మార్కులో పోయిందని ఆ వారంలోనే మూడుసార్లు చెప్పాడు మరి. మొదటిసారి అయ్యో అన్నాను. రెండోసారి ఊఁ అన్నాను. మూడోసారి "ఆ మార్కు ఎక్కడ పడిపోయిందో చెప్పండి, వెతికి తెస్తాను" అన్నాను. ఆయన నవ్వలేదు. కొత్త కాపురం కదా, నేనూ ఊరుకున్నాను.

తర్వాత పందొమ్మిదేళ్ళూ ఆ మార్కు మా ఇంట్లోనే తిష్ట వేసింది. జీతం పెరగకపోతే ఒక్క మార్కు. అద్దె ఇల్లు మారాల్సి వస్తే ఒక్క మార్కు. ఎదురింటాయన కారు కొంటే ఆ పూట భోజనాల దగ్గర ఒక్క మార్కు. "ఆ కాలేజీలో చదివుంటే ఇప్పటికి మూడింతలు సంపాదించేవాణ్ణి" అని మూడు వేళ్ళు ఎత్తి చూపించేవాడు. ఆ వేళ్ళు చూసి చూసి నాకు విసుగొచ్చేసింది.

ఆయన లిఫ్ట్ మెకానిక్. తన మంచి తాను చెప్పుకోడు కాబట్టి నేనే చెబుతాను, పనిమంతుడు. గోడకి చెవి ఆనించి, లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతుంటే విని, ఎక్కడ అరిగిందో చెప్పేస్తాడు. కంపెనీలో కనీసం ఇరవైమందికి పని నేర్పాడు. ఒక్క సంగతే నాకు విడ్డూరంగా ఉండేది. ఆ పెద్ద కాలేజీలో ఆరు లిఫ్టులున్నాయి. వాటి మరమ్మతులు చూసేది ఈయన కంపెనీయే. ఈయన మాత్రం ఒక్కసారి కూడా అక్కడికి వెళ్ళలేదు. ఎప్పుడు పిలుపు వచ్చినా ఇంకొకరిని పంపేవాడు. "సీటివ్వలేదని ఇంకా అలకేనా?" అని ఏడిపించేదాన్ని. "ఆ ఏరియా నాది కాదు" అని మొహం తిప్పుకునేవాడు.

ఈ ఏడాది మా అమ్మాయికి ఆ కాలేజీలోనే సీటు వచ్చింది.

ఉత్తరం రాగానే మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి నాలుగుసార్లు చదివాడు. అమ్మాయి మాత్రం చదివి, మడిచి, బల్ల మీద పెట్టి, "నేను అక్కడ చేరను నాన్నా" అంది. ఊరి చివర చిన్న కాలేజీ ఒకటుంది. దాని పేరు చెబితే ఆటోవాళ్ళు కూడా "ఎక్కడా?" అని అడుగుతారు. అక్కడా సీటు వచ్చింది, అక్కడే చేరతానని పట్టు. పెద్ద కాలేజీ వాళ్ళకి శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు ఏదో ఒకటి చెప్పెయ్యాలి. ఆ గడువుకి సరిగ్గా వారం ఉంది, ఆ వారంలో మా ఇంట్లో గట్టిగా మాట్లాడుకోని పూట లేదు.

"ఎందుకు వద్దు?" అంటాడు ఆయన.

"చిన్న కాలేజీలో వర్క్‌షాప్ సార్ బాగున్నారు. చూడ్డానికి వెళ్ళిన రోజే నాతో లేత్ మిషన్ మీద పని చేయించారు."

"లేత్ కోసం ఎవరైనా కాలేజీ ఎంచుకుంటారటే?"

"నువ్వు మూడు వేళ్ళ కోసం ఎంచుకోమంటున్నావుగా!"

మూడు వేళ్ళ మాట అది నా దగ్గరే నేర్చుకుంది, ఒప్పుకుంటాను.

పెద్ద కాలేజీ వాళ్ళు కూడా కొత్తగా సీట్లు వచ్చినవాళ్ళకి అంతా చూపిస్తామని ఒక రోజు పిలిచారు. ఆయనకి సరిగ్గా ఆ రోజే ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట, రాలేదు. నేనూ అమ్మాయీ వెళ్ళాం. పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు. ముందు వరుసల్లో పిల్లలు ఒకరి మాట ఒకరు అందుకుంటూ ప్రొఫెసర్లని ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతున్నారు. మా అమ్మాయి చివరి వరుసలో కూర్చుంది. నోరు విప్పలేదు. గంట గడవకముందే "పద అమ్మా, తలనొప్పిగా ఉంది" అంది. ఇంటికొచ్చాక ఆయనకి ఈ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

నా ఉద్యోగం సంగతి ఇప్పుడు చెప్పాలి, గొడవ ముదిరింది దానివల్లే కాబట్టి. నేను ఫోన్లో ప్రశ్నలడిగే ఉద్యోగం చేస్తాను. చెవులకి హెడ్‌ఫోను, ముందు కంప్యూటరు తెర, దాని మీద ప్రశ్నలు. మధ్యాహ్నం నుంచి ఏడింటిదాకా ముక్కూ మొహం తెలియనివాళ్ళని "దయచేసి ఒక్క పది నిమిషాలు" అని బతిమాలుకోవడమే పని. సబ్బుల మీద అడిగాను, బస్సుల మీద అడిగాను. ఈ ఆర్నెల్లుగా ఒక ప్రొఫెసర్ గారి కోసం అడుగుతున్నాం, ఆ పెద్ద కాలేజీలో చదివితే నిజంగా ఎక్కువ సంపాదిస్తారా అని.

మొదటిరోజు ప్రొఫెసర్ గారు మాకు ఓపిగ్గా విప్పి చెప్పారు. "ఆ కాలేజీలో చదివినవాళ్ళు బాగా సంపాదిస్తారు, అది అందరికీ తెలిసిందే. కానీ ఆ కాలేజీ ఏరి ఏరి చురుకైన పిల్లల్నే తీసుకుంటుంది కదమ్మా. మరి సంపాదించిపెట్టింది కాలేజీయా, వాళ్ళ బుర్రా? అది తేలాలంటే సీటు వచ్చి కూడా చేరనివాళ్ళని పట్టుకోవాలి. చేరినవాళ్ళవీ వీళ్ళవీ ఒకలాంటి బుర్రలే, చదివిన కాలేజీలే వేరు. పాతికేళ్ళ తర్వాత ఎవరు ఎంత తెచ్చుకుంటున్నారో చూద్దాం" అన్నారు. నాకు భలే నచ్చింది. కాలేజీ పాత రిజిస్టర్లలోంచి పేర్లు తీసి, ఇప్పటి ఫోన్ నంబర్లు వెతికిపెట్టడానికి వేరే జట్టు ఉంది. మా తెర మీద పేరూ ఉండదు, నంబరూ ఉండదు. వరుస సంఖ్య ఒక్కటే ఉంటుంది. నంబరు దానంతటదే కలుస్తుంది.

మూడు వందలమందితో మాట్లాడేసరికి ప్రొఫెసర్ గారు సగం లెక్క చెప్పారు. చేరినవాళ్ళకీ చేరనివాళ్ళకీ సంపాదన ఇంచుమించు ఒకటేనట. ఇంకేముంది, ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. "వినండి ఒక్క మార్కు గారూ! మీ మూడు వేళ్ళు ముడుచుకోండి. తేడా లేదట! అమ్మాయిని దానికి నచ్చినచోట చదవనివ్వండి" అని కంచం ముందే తీర్పు చెప్పేశాను. ఆయన ఎర్రబడిపోయాడు. "నీ ఫోను లెక్కలు నాకు చెప్పకు" అన్నాడు. అమ్మాయి చప్పట్లు కొట్టింది.

నేనొకటి మింగేశాను. ప్రొఫెసర్ గారు ఇంకో మాట కూడా అన్నారు. ఇంట్లో ఎవరూ అంత పెద్ద చదువులు చదవని పిల్లలకి మాత్రం ఆ కాలేజీ కొంత మేలు చేసినట్టు కనిపిస్తోందట, ఇంకా లెక్క తేలలేదట. లిఫ్ట్ మెకానిక్ కూతురంటే సరిగ్గా ఆ కోవలోదే. నేను గెలుస్తున్న వాదన పాడవుతుందని ఆ ముక్క ఇంటిదాకా తీసుకురాలేదు. తప్పే. కానీ ఆయన మీద గెలిచే అవకాశం పందొమ్మిదేళ్ళకి ఒకసారి వస్తే ఎవరు వదులుకుంటారు?

మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి వరుస సంఖ్య నాలుగు వందల పదిహేడు కలిసింది. తెర మీద మామూలుగా కనిపించే నాలుగు ముక్కలే. సీటు: వచ్చింది. చేరిక: లేదు. కారణం: తెలియదు. కాలేజీకి సమాచారం: ఇవ్వలేదు.

"నమస్కారమండీ. చదువుల మీద ఒక సర్వే చేస్తున్నాం. దయచేసి ఒక్క పది నిమిషాలు ఇవ్వగలరా? మీరు చెప్పింది ఎవరికీ చెప్పం. మీ పేరు కూడా మాకు తెలియదు."

"ఆఁ, అడగండి. లిఫ్టు ఆపే ఉంచాం, పని ఇంకా మొదలెట్టలేదు."

ఆ 'ఆఁ' చాలు నాకు. మా ఆయనే. తెలిసినవాళ్ళు తగిలితే ఎర్ర బటన్ నొక్కి పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి, అది మాకున్న మొట్టమొదటి నియమం. వేలు బటన్ మీదే ఉంది. కానీ తెర మీద 'సీటు: వచ్చింది' అని కనిపిస్తుంటే ఎలా నొక్కను చెప్పండి? నా ఫోను గొంతు వేరే. ఇంట్లో వాడే గొంతు ఇంట్లోనే వదిలేసి వస్తాను. ఆ ధైర్యంతోనే మొదటి ప్రశ్న చదివాను.

"ఇరవై ఆరేళ్ళ కిందట మీకు ఇక్కడి పెద్ద కాలేజీలో సీటు వచ్చినట్టు మా దగ్గరుంది. నిజమేనా అండీ?"

అటునుంచి చాలాసేపు మాట లేదు. ఎక్కడో సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"నా పేరు మీకు తెలియదన్నారు కదూ?"

"తెలియదండీ" అన్నాను. పచ్చి అబద్ధం.

"నిజమే. వచ్చింది."

తర్వాతి ప్రశ్నలు ఎలా చదివానో నాకు గుర్తులేదు. ఎక్కడ చదివారు, ఏం పని చేస్తున్నారు, ఎన్నేళ్ళుగా. నాకు తెలిసిన జవాబులన్నీ ఒకటొకటిగా ఆయన చెబుతుంటే కొత్తవాడి జవాబుల్లా టైపు చేసుకుంటూ పోయాను. ఏడో ప్రశ్న వచ్చింది. ఎందుకు చేరలేదు?

"నవ్వకూడదు మరి" అన్నాడు.

"లేదండీ."

"చేరడానికే వెళ్ళాను. మా అన్నయ్య బూట్లు వేసుకుని, ఉత్తరం జేబులో పెట్టుకుని. గేటు దగ్గర ఒక రిజిస్టరుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు పేరు రాయాలి, ఊరు రాయాలి, ఎవరిని కలవాలో రాయాలి. పేరు రాశాను, ఊరు రాశాను. ఎవరిని కలవాలి అన్నదగ్గర ఏం రాయాలో తెలియలేదు. అక్కడ నాకు ఎవరూ తెలీదు కదా. వెనకాల పదిమంది నిలబడ్డారు. ఒకబ్బాయి గడియారం చూసుకున్నాడు. పెన్ను అక్కడ పెట్టేసి, ఏదో మర్చిపోయాను, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను. ఇంటికెళ్ళి ఒక్క మార్కులో పోయిందని చెప్పాను."

"మళ్ళీ వెళ్ళలేదా?"

"ప్రతిరోజూ రేపు వెళ్దామనుకున్నాను. గడువు అయిపోయింది."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. పందొమ్మిదేళ్ళు! ఒక కాలేజీ మొత్తాన్ని నేను తిట్టిపోశాను ఈయన కోసం.

"ఆ కాలేజీలో చేరి ఉంటే మీ సంపాదన ఇప్పుడు ఎలా ఉండేదనుకుంటున్నారు? చాలా ఎక్కువ, కొంచెం ఎక్కువ, ఇంతే, తక్కువ?"

మూడు వేళ్ళు నా కళ్ళకి కట్టాయి.

"ఇంతే అని రాసుకోండి. నాకు మిషన్లంటే ఇష్టం. అక్కడ చదివినా తిరిగి తిరిగి మిషన్ల దగ్గరికే వచ్చేవాణ్ణి. మా ఆఫీసులో అక్కడ చదివినవాడు ఒకడున్నాడు, మంచివాడు. ఇద్దరం ఒకే బస్సులో వస్తాం."

చివరి ప్రశ్న, మీ పిల్లలకి ఆ సీటు వస్తే ఏం చెబుతారు?

"చేరమనే చెబుతున్నానండీ. రోజూ అరుస్తున్నాను."

అక్కడితో ధన్యవాదాలు చెప్పి పెట్టెయ్యాలి. తెర మీద లేని ప్రశ్న అడగకూడదు. అడిగాను. "సంపాదన ఇంతే అంటున్నారు కదండీ, మరి ఎందుకు?"

"డబ్బు కోసం కాదమ్మా. మా అమ్మాయి కూడా మొన్న లోపలిదాకా వెళ్ళి, చివరి వరుసలో కూర్చుని వచ్చేసిందట. వాళ్ళమ్మ చెప్పింది. తలనొప్పి అందట. ఆ తలనొప్పి ఏమిటో నాకు తెలుసు."

పెట్టేశాక హెడ్‌ఫోను తీసి తిన్నగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. నాకన్నా పదేళ్ళు చిన్నది. అందర్నీ అక్కా అంటుంది, ఎవరైనా తప్పు చేస్తే మాత్రం అండీ అంటుంది.

"నాలుగు వందల పదిహేడు మా ఆయన" అన్నాను.

"బటన్ నొక్కలేదా అండీ?"

"లేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. చూసి కుర్చీ జరిపింది. "ఫారం రద్దు చేసేస్తాను. ప్రొఫెసర్ గారి లెక్కలోకి రాదు. కానీ అక్కా, ఎవరికీ చెప్పం అని చదివారుగా. ఆ మాట రద్దు కాదు. ఇంటికెళ్ళి నిలదీస్తానంటే కుదరదు."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అక్క లోకమంతా చాటింది. అలాంటిదాన్ని మంగళవారం మింగుకున్నాను, బుధవారం మింగుకున్నాను. ఆయన బూట్లు విప్పుకుంటుంటే ఆ బూట్లకేసి చూస్తూ కూర్చున్నాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. అమ్మాయి "అమ్మా, నీకు జ్వరమా?" అని నుదురు పట్టుకుని చూసింది. ఆయనేమో ఏమీ ఎరగనట్టు తింటున్నాడు. ఉప్పు కూర కూడా మాట్లాడకుండా తినేశాడు, అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

గురువారం రాత్రి తండ్రీకూతుళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. రేపు ఐదింటికి గడువు. ఆయన చేరమంటాడు, అది చేరనంటుంది. చివరికి అది నావైపు తిరిగింది. "నువ్వు చెప్పవేంటమ్మా? సంపాదనలో తేడా ఉండదని మొన్నటిదాకా గంతులేశావుగా!"

"ఒకటి దాచానే" అన్నాను. ప్రొఫెసర్ గారి రెండో మాట చెప్పాను. మనలాంటి ఇళ్ళ పిల్లలకి కొంత మేలు ఉండొచ్చట, ఇంకా తేలలేదట అని. అమ్మాయి మొహం చిన్నబోయింది. "నువ్వు కూడానా?" అంది.

మా ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మీ అమ్మ ఇంకొకటి కూడా దాస్తోంది. మంగళవారం నుంచీ కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. దాని జన్మలో ఏదీ ఇంతసేపు ఆపుకోలేదు, పాపం. కూరలు పాడైపోతున్నాయి."

నేను నిలువునా కొయ్యబారిపోయాను. "మీకు తెలుసా?"

"ప్రశ్న అడిగి, జవాబు ఆలస్యమైతే 'చ్' అంటావు. పందొమ్మిదేళ్ళుగా ఆ 'చ్' వింటున్నాను. మొదటి ప్రశ్నకే తెలిసిపోయింది."

"మరి ఫోన్ పెట్టెయ్యలేదేం?"

"నీ మొహం చూస్తూ చెప్పాలంటే ఈ జన్మకి అయ్యేది కాదు. ఆవిడెవరో ఫోన్లో మర్యాదగా అడిగింది. నీకన్నా మంచిదిలా ఉంది. చెప్పేశాను."

అప్పుడు అమ్మాయికి చెప్పాడు. బూట్లు, రిజిస్టరు, పెన్ను, అన్నీ. దాని కళ్ళలోకి చూడకుండా బల్ల అంచు తడుముతూ చెప్పాడు.

"అంటే ఒక్క మార్కు..." అంది అది.

"కావాల్సినదానికన్నా పదకొండు ఎక్కువే వచ్చాయమ్మా."

జాలిపడుతుందనుకున్నాను. అది భగ్గుమంది. "చిన్నప్పట్నుంచీ ఒక్క మార్కు తగ్గితే వణికిపోయేదాన్ని నాన్నా! నీలా అయిపోతానని భయం. ప్రతి పేపరూ మూడుసార్లు సరిచూసుకునేదాన్ని, గంట కొట్టి లాక్కునేదాకా. ఇదంతా అబద్ధం కోసమా?"

"తప్పే" అన్నాడు ఆయన. ఆయన కళ్ళనిండా నీళ్ళు. తర్వాత ఆయనే మెల్లిగా అన్నాడు, "ఇక చేరమని అనను. మీ అమ్మ లెక్కే నిజం, నీ బుర్ర నీతోనే వస్తుంది ఎక్కడికెళ్ళినా. కానీ ఒక్కటి. చివరి వరుసలోంచి లేచి వచ్చెయ్యకు. రేపు లోపలికి వెళ్ళు. చూడు. అడగాల్సింది అడుగు. వద్దనిపిస్తే వాళ్ళ ఎదురుగా వద్దని చెప్పి రా. నేను ఆ పని చెయ్యలేదు."

మర్నాడు అమ్మాయి పొద్దున్నే తయారై గుమ్మంలో నిలబడి, "వస్తున్నారా లేదా?" అంది మా ఇద్దర్నీ.

గేటు దగ్గర రిజిస్టరు ఇప్పటికీ ఉంది. ఇరవై ఆరేళ్ళల్లో ఏమీ నేర్చుకోలేదు వీళ్ళు అనుకున్నాను. అమ్మాయి పెన్ను తీసుకుంది. పేరు రాసింది, ఊరు రాసింది. 'ఎవరిని కలవాలి' అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. నా పక్కన మా ఆయన ఊపిరి బిగబట్టాడు. అది 'నాకు సీటిచ్చినవాళ్ళని' అని రాసి, సంతకం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. గేటు కాపలా అతను కళ్ళజోడు సవరించుకుని చదివి, చిన్నగా నవ్వుకున్నాడు. మేమిద్దరం ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాం. "మీరూ వెళ్ళొచ్చు సార్" అన్నాడతను. "ఇక్కడ బాగానే ఉంది" అన్నాడు మా ఆయన.

పదకొండైంది, ఒంటిగంటైంది, మూడైంది. తెచ్చుకున్నది తిన్నాం. లోపల ఏం జరుగుతోందో అని నాకు ప్రాణం కొట్టుకుపోతుంటే ఈయన భవనాలు లెక్కపెడుతున్నాడు. నాలుగింటికి ఫోన్ వచ్చింది.

"నాన్నా, ఆఫీసులో ఉన్నాను. చేరినా, వదులుకున్నా తండ్రి సంతకం ఉండాలట. ఇక్కడికే వచ్చి పెట్టాలట."

ఆయన నావైపు చూశాడు. "నన్నెందుకు చూస్తారు? నేను తండ్రిని కాదుగా!" అన్నాను.

ఆయన లేచి గేటు దగ్గరికి నడిచాడు. పెన్ను తీసుకున్నాడు. పేరు. ఊరు. మూడో గడి. వెనకాల ఎవరూ లేరు, నేను తప్ప. తాపీగా, పెద్ద అక్షరాలతో 'మా అమ్మాయిని' అని రాశాడు.

ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టులోకి అడుగుపెట్టగానే గోడకి చెవి ఆనించాడు. "రోలరు అరిగింది. మావాళ్ళు సరిగ్గా చూడట్లేదు" అన్నాడు. కాలేజీలోకి వచ్చాక ఆయన అన్న మొదటి మాట అదే.

అమ్మాయి గుమాస్తా ఆవిడ బల్ల ముందు కూర్చుని ఉంది. మొహం కడుక్కున్నట్టు తేటగా ఉంది. "నాన్నా, ఇద్దరు ప్రొఫెసర్లతో మాట్లాడాను. లాబ్ చూశాను. ఎంత బాగుందో! ప్రశ్నలు అడిగాను, బోలెడు. ఒకాయన నా ప్రశ్నకి జవాబు తెలీదన్నారు. మిషన్ల మీద మమ్మల్ని ఎప్పుడు పని చెయ్యనిస్తారని అడిగితే మూడో ఏడాదట. మొదటి రెండేళ్ళూ చూడ్డమే. నాకు అంత ఓపిక లేదు. అక్కడ వర్క్‌షాప్ సార్ మొదటి రోజు నుంచే చేయిస్తారు." ఫారం ఆయన ముందుకి జరిపింది. 'వదులుకుంటున్నాను' అన్నచోట టిక్కు పెట్టి ఉంది. "భయపడి కాదు నాన్నా. అడుగు, కావాలంటే."

"అక్కర్లేదు" అన్నాడు. సంతకం పెట్టాడు. తేదీ వేశాడు.

గుమాస్తా ఆవిడ ఆ కాగితం తీసుకుని, "చాలా సంతోషమమ్మా, వచ్చి చెప్పి వెళ్ళేవాళ్ళు తక్కువ" అంటూ ఫోన్ అందుకుంది. సీటు కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో తర్వాతి పేరు మీద వేలు పెట్టి నంబరు కలిపింది. "అమ్మా, మీ అబ్బాయికి సీటు ఖాళీ అయింది. ఇప్పుడే చెప్పాలి, వస్తాడా?" అంది. అవతలివైపు ఎవరో ఆవిడ పెట్టిన కేకకి గుమాస్తా ఆవిడ ఫోను చెవికి దూరంగా జరిపింది. కేక తర్వాత ఏడుపు, ఆ ఏడుపులోనే ఎవర్నో పిలవడం, మా ముగ్గురికీ వినిపించింది. అమ్మాయి నవ్వేసింది. నేనూ నవ్వాను.

మా ఆయన నవ్వలేదు. "మా రోజుల్లో కూడా ఇలా జాబితా ఉండేదా అండీ?" అని అడిగాడు.

"ఎప్పుడూ ఉందండీ. చెప్పినవాళ్ళతో ఇబ్బంది లేదు. చెప్పకుండా మానేసేవాళ్ళతోనే తలనొప్పి. గడువు దాటాక ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వలేం. నాలుగేళ్ళూ అలా ఖాళీగా పడి ఉంటుంది."

ఆయన తల ఊపాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో అమ్మాయి వర్క్‌షాప్ సార్‌కి ఫోన్ చేసి గలగలా మాట్లాడేస్తోంది. రెండు స్టాపులు దాటాక ఆయన బయటికి చూస్తూనే అడిగాడు.

"నాది కూడా ఖాళీగానే ఉండిపోయి ఉంటుంది కదూ?"

లేదండీ, ఎవరో ఒకరికి ఇచ్చే ఉంటారు అనడానికి నోరు తెరిచాను. అదే అనేసి ఉంటే ఆయన రాత్రి హాయిగా నిద్రపోయేవాడు. కానీ మా ఇంట్లో ఒక అబద్ధం ఇరవై ఆరేళ్ళు బతికి నిన్ననే పోయింది.

"ఉండే ఉంటుంది" అన్నాను.

"ఊఁ" అన్నాడు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. మా స్టాపు వచ్చేదాకా వదల్లేదు.